వసాబి కొనాలా, మన ఆవపిండి సరిపోతుందా? వరంగల్ వంటింటికి ఒక పోలిక

వసాబి అంటే జపాన్‌లో పచ్చి చేపతో తినే ఘాటైన ఆకుపచ్చ ముద్ద. దాని ట్యూబు చేతిలోకి తీసుకోగానే ముందు వెనక్కి తిప్పండి. ముందువైపు ఆకుపచ్చ దుంప బొమ్మ, నాలుగు జపాన్ అక్షరాలు ఉంటాయి. అసలు సంగతి వెనకవైపు ఉంటుంది. ఏ పదార్థం ఎక్కువ బరువుంటే దాని పేరు ముందు రాయాలన్నది మన దేశంలో నియమం. చాలా ట్యూబుల మీద, పొడి డబ్బాల మీద ఆ మొదటి పేర్లలో వసాబి కనపడదు. హార్స్‌రాడిష్ అనే ఘాటైన వేరు ఉంటుంది. దాని తర్వాత ఆవపిండి, మొక్కజొన్న గంజి, నూనె, ఉప్పు, సార్బిటాల్ అనే తీపి పదార్థం, రంగులు. వసాబి అనే మాట ఉంటే గింటే చివర్లో ఎక్కడో ఉంటుంది.

అంతమాత్రాన అది పనికిరాని సరుకు కాదు. వసాబి, హార్స్‌రాడిష్, ఆవాలు, ముల్లంగి అన్నీ ఒకే కుటుంబం మొక్కలు. వసాబిలో, హార్స్‌రాడిష్‌లో, మన చిన్న ఆవాల్లో ముక్కుకెక్కే ఘాటుకు ముఖ్య కారణం ఒకటే పదార్థం: అల్లైల్ ఐసోథయోసయనేట్. ఇది మొక్కలో తయారుగా ఉండదు. సినిగ్రిన్ అనే పదార్థం ఒకచోట, మైరోసినేజ్ అనే ఎంజైమ్ ఇంకోచోట విడివిడిగా ఉంటాయి. తురిమినా, నూరినా రెండూ తడిలో కలుస్తాయి, అప్పుడు ఘాటు పుడుతుంది. వేడికి ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. పోపులో చిటపటలాడిన ఆవాలకు ఘాటు ఎందుకుండదో, ఆవపెట్టిన కూరలో పొయ్యి మీంచి దించాకే ఆవముద్ద కలపమని పెద్దవాళ్లు ఎందుకు చెబుతారో దీంతో తెలిసిపోతుంది. కింద ఏ రకం ఎంచుకున్నా ఈ ఒక్క సంగతి గుర్తుంటే సగం పొరపాట్లు జరగవు.

మిర్చి తినేవాళ్లకు ఇదో లెక్కా అనుకోవద్దు

ఎనుమాముల మార్కెట్‌కు తేజ మిర్చి బస్తాలు దిగే జిల్లాలో ఉన్నవాళ్లకు వసాబి చూస్తే భయం వేయదు. పొరపాటు అక్కడే జరుగుతుంది. మిర్చిలోని క్యాప్సైసిన్ నూనెలో కరుగుతుంది, నాలుకను పట్టుకుంటుంది, నెమ్మదిగా పెరిగి చాలాసేపు నిలుస్తుంది. వసాబి ఘాటు ఆవిరిగా మారే రకం. గొంతు వెనక నుంచి నేరుగా ముక్కులోకి, కళ్లలోకి ఎక్కుతుంది, ఒకటి రెండు నిమిషాల్లో దిగిపోతుంది. శరీరంలో ఈ రెండింటినీ గుర్తుపట్టే గ్రాహకాలే వేరు. అందుకే తేజ మిర్చి కారం అలవాటున్న నోరు వసాబికి అలవాటు పడ్డట్టు కాదు. తక్కువ కారం, మంచి ఎరుపు ఉండే చపాటా మిర్చికీ తేజకూ ఉన్న తేడా చెప్పగలిగినవాళ్లు కూడా దీన్ని కొత్త వస్తువుగానే చూడాలి. మొదటిసారి పెసరగింజంత, అలవాటయ్యాక ఒక ముద్దకు బటాణీ గింజంత. ఇజ్రాయెల్‌లో 60 ఏళ్ల ఒకావిడ పెళ్లి విందులో దీన్ని అవకాడో అనుకుని చాలా ఎక్కువ తిన్నారు. ఛాతీలో ఒత్తిడి మొదలై, గుండె కండరం తాత్కాలికంగా బలహీనపడే టకోట్సుబో అనే స్థితి వచ్చిందని 2019లో వైద్య పత్రికలో నమోదైంది. ఆమె కోలుకున్నారు. బఫేల్లో ఆకుపచ్చ ముద్ద కనపడితే చట్నీ అనుకుని గరిటెతో వడ్డించుకోవద్దని చెప్పడానికి ఆ ఒక్క ఉదాహరణ చాలు.

ఏ రకం ఎవరికి

తాజా వసాబి. ఇది వేరు కాదు, నేలకు ఆనుకుని పెరిగే లావుపాటి కాండం. శాస్త్రీయ నామం యూట్రెమా జపోనికమ్, పాత పేరు వసాబియా జపోనికా. జపాన్‌లో షిజువోకా, నాగానో ప్రాంతాల్లో చల్లటి పారే నీటిలో, నీడలో పెంచుతారు. కోతకు రావడానికి ఏడాదిన్నర నుంచి రెండేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మన ఎండలకు, మన చెరువు నీళ్లకు ఇది బతకదు. విత్తనాలు, మొలకలు అని ఆన్‌లైన్‌లో కనపడ్డవాటికి డబ్బు పోయకండి. కాండం దొరికితే ఆకులుండే పైభాగం నుంచి మొదలుపెట్టి, సన్నటి గరుకు పలక మీద గుండ్రంగా, నెమ్మదిగా తురమాలి. జపాన్‌లో సొరచేప చర్మం అతికించిన పలక వాడతారు. మన కొబ్బరి తురుము పీట మీద తురిమితే తునకలు పెద్దగా ఉండి ఘాటు సరిగా పుట్టదు. తురిమాక రెండు మూడు నిమిషాలు ఆగి, 15–20 నిమిషాల్లోపు తినేయాలి. తర్వాత వాసన పోతుంది. దీని రుచిలో ఘాటుతో పాటు కొంచెం తీపి, ఆకు వాసన ఉంటాయి, ట్యూబులో అవి రావు. కానీ మామూలు దుకాణాల్లో దొరకదు, చాలా ఖరీదు. ప్రత్యేకంగా ఒకసారి రుచి చూడాలనుకునేవాళ్లకు తప్ప మిగతావాళ్లకు అవసరం లేదన్నది మా అభిప్రాయం.

ట్యూబు పేస్టు. నెలకు రెండు మూడుసార్లు సూషీయో (చేప, కూరగాయలు పెట్టి చేసే జపాన్ అన్నం వంటకం), శాండ్‌విచ్చో, చేపల వేపుడో తినే ఇంటికి ఇది సరిపోతుంది. కొనేటప్పుడు జపాన్ ట్యూబైతే ఫోన్ కెమెరాతో అక్షరాలు అనువదించుకోండి. ‘హోన్‌వసాబి షియో’ అని ఉంటే, వాడిన వసాబి జాతి సరుకులో అసలు వసాబి సగం లేదా అంతకన్నా ఎక్కువ. ‘హోన్‌వసాబి ఇరి’ అని ఉంటే సగం కన్నా తక్కువ. రెండు మాటలూ చూడ్డానికి ఒకేలా కనపడతాయి, తేడా మాత్రం పెద్దది. దిగుమతి సరుకు మీద దిగుమతిదారు పేరు, చిరునామా, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (దేశ ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు సంఖ్య ఉన్న స్టిక్కర్ తప్పనిసరి. లేకపోతే వదిలేయండి. శాకాహారులు ఆకుపచ్చ చుక్క చూసుకోవాలి.

ఇంకో మాట. మే నెలలో 44 డిగ్రీల ఎండలో హైదరాబాద్ నుంచి వ్యానులో వచ్చిన ట్యూబు ఘాటు కొంత దారిలోనే పోగొట్టుకుంటుంది. ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవాళ్లు నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య, అదీ చిన్న ట్యూబు తెప్పించుకోండి. మూత తీసిన తేదీ పెన్నుతో రాసి ఫ్రిజ్‌లో పెట్టండి. మూత చుట్టూ గోధుమరంగు పెచ్చు కట్టినా, నూనె విడిపోయినా ఘాటు పోయినట్టే.

పొడి. నా మటుకు ఏదో ఒకటి కొనాల్సి వస్తే ఇదే కొంటాను. పొడిగా ఉన్నంతకాలం ఎంజైమ్ నిద్రపోతుంది కాబట్టి మన వేడికి ట్యూబు కన్నా బాగా తట్టుకుంటుంది, కావలసినంతే కలుపుకోవచ్చు. ఒక టీస్పూన్ పొడికి ఒక టీస్పూన్ చల్లటి నీళ్లు. గట్టి ముద్దగా కలిపి, గిన్నెను ప్లేటు మీద బోర్లించి 5–10 నిమిషాలు వదిలేయండి. బోర్లించేది ఆవిరి బయటికి పోకుండా ఉండటానికి. చప్పగా వచ్చిందంటే నీళ్లు వేడిగా ఉన్నాయి, లేదా పొడి పాతది, లేదా ముద్ద పలచనైంది. తడి చెంచా డబ్బాలో పెడితే మొత్తం డబ్బా వారంలో చప్పబడిపోతుంది.

వసాబి బటాణీలు, వసాబి పల్లీలు. ఇవి చిరుతిండి. బటాణీల చుట్టూ పిండి, చక్కెర, ఉప్పు పూత, దాని మీద ఘాటు. 30 గ్రాముల గుప్పెడుకు సుమారు 120–140 క్యాలరీలు. వేయించిన శనగలు అంతే శక్తిని ఇస్తాయి, ఉప్పు చాలా తక్కువ. పిల్లల డబ్బాలో పెట్టడానికి మేము శనగలనే ఎంచుకుంటాం.

వసాబి మయోనైజ్ అంటే ముప్పాతిక వంతు నూనె. ఒక పెద్ద చెంచాడులో దాదాపు 90–100 క్యాలరీలు. వసాబి మంచిదని విని ఇది కొంటే కొన్నది నూనె.

హార్స్‌రాడిష్ సాస్ సీసా కూడా పెద్ద దుకాణాల్లో ఉంటుంది. ట్యూబులో ఉండేదే, రంగు లేకుండా, పుల్లగా. రంగులు వద్దనుకునేవాళ్లకు ఇది మంచిది. శాండ్‌విచ్‌లో పూసే పసుపు మస్టర్డ్ మాత్రం దీనికి బదులు కాదు. అది తెల్ల ఆవతో చేస్తారు. ఆ ఆవలో పుట్టే ఘాటు పదార్థం ఆవిరి కాదు, నాలుక మీదే ఉంటుంది, ముక్కుకు తగలదు.

పోషకాల సంగతి

100 గ్రాముల పచ్చి వసాబిలో 109 క్యాలరీలు, 4.8 గ్రాముల మాంసకృత్తులు, 7.8 గ్రాముల పీచు, సుమారు 42 మిల్లీగ్రాముల సి విటమిన్, 128 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటాయి. చదవడానికి బాగుంది. కానీ 100 గ్రాములు ఎవరూ తినరు. నిండు టీస్పూన్, అంటే 5 గ్రాములు తిన్నా దక్కేది 2 మిల్లీగ్రాముల సి విటమిన్. ఒక మోస్తరు జామకాయలో దానికి నూరింతలు ఉంటుంది. పోషకాల కోసం వసాబి కొనడంలో అర్థం లేదు.

పట్టించుకోవాల్సింది ఉప్పు. ట్యూబు మీద సోడియం ఎంతుందో చూసి, దాన్ని రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు ఎంతో వస్తుంది. 200 మిల్లీగ్రాముల సోడియం అంటే అర గ్రాము ఉప్పు. రోజు మొత్తానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పరిమితి 5 గ్రాములు. వసాబి పక్కన సోయా సాస్ కూడా ఉంటుంది, ఒక పెద్ద చెంచా సాస్‌లోనే రెండు గ్రాములకు పైగా ఉప్పు. మధ్యాహ్నం మామిడికాయ తొక్కు తిన్న ఇంట్లో రాత్రి ఇది తింటే బీపీ ఉన్నవాళ్లకు లెక్క దాటిపోతుంది.

జ్ఞాపకశక్తి పెరుగుతుందనే ప్రచారం ఎక్కువగా వినపడుతోంది. దానికి మూలం ఉంది. జపాన్‌లోని తొహోకు విశ్వవిద్యాలయం వాళ్లు 60–80 ఏళ్ల మధ్య వయసున్న 72 మందితో పరిశోధన చేసి 2023లో ప్రచురించారు. కొందరికి రోజూ పడుకునే ముందు 100 మిల్లీగ్రాముల వసాబి సారం మాత్ర, మిగతావాళ్లకు ఉత్త మాత్ర, 12 వారాల పాటు ఇచ్చారు. సారం తీసుకున్నవాళ్లలో జ్ఞాపకశక్తి పరీక్షల ఫలితాలు మెరుగయ్యాయి. ఆ మాత్రలో పనిచేసిందని భావించిన పదార్థం 6-మిథైల్‌సల్ఫినైల్‌హెక్సైల్ ఐసోథయోసయనేట్, అసలు వసాబిలో ప్రత్యేకంగా ఉండేది. హార్స్‌రాడిష్, ఆవపిండి కలిపిన ట్యూబుకు ఆ ఫలితం అంటగట్టకూడదు. 72 మందితో జరిగిన ఒక్క పరిశోధన చూసి అమ్మానాన్నలకు మాత్రలు తెప్పించడం కూడా తొందరపాటే.

జలుబు చేసినప్పుడు వసాబి తింటే ముక్కు తెరుచుకున్నట్టు ఉంటుంది. కొలిచి చూస్తే దారి విశాలం కాలేదు, అలా అనిపిస్తుందంతే. వేడినీళ్ల ఆవిరి అంతకన్నా మేలు.

ఆయుర్వేదం లెక్కలో ఎక్కడ పెట్టాలి

వసాబి పేరు చరక, సుశ్రుత సంహితల్లో లేదు. ‘ఆయుర్వేద వసాబి’ అని ఎవరైనా అమ్మితే ఆ మాటకు శాస్త్రాధారం లేదు. అయితే కొత్త ద్రవ్యాన్ని రసం (రుచి), గుణం, వీర్యం (ఒంటికి వేడా, చలువా) చూసి అంచనా వేసే పద్ధతి ఆయుర్వేదంలోనే ఉంది. దగ్గరి బంధువులైన ఆవాలు, ముల్లంగి, అదే ఘాటు స్వభావమున్న మునగ గురించి సంహితలు వివరంగా చెప్పాయి. ఆ లెక్కన వసాబి కటు (కారం) రసం, తీక్ష్ణ (చురుకైన) గుణం, ఉష్ణ (వేడిచేసే) వీర్యం. కఫాన్ని తగ్గిస్తుంది, ఆకలి పుట్టిస్తుంది, పిత్తాన్ని రేపుతుంది.

కాబట్టి మందమైన జీర్ణం, అన్నం తిన్నాక బరువు, కఫం ఎక్కువున్నవాళ్లకు భోజనంలో బటాణీ గింజంత నప్పుతుంది. కడుపులో మంట, పుల్లటి తేన్పులు, నోటిపూత, మొలలు ఉన్నవాళ్లకు నప్పదు. వాత ప్రకృతి వాళ్లు ఉత్తగా తినకుండా నూనె లేదా నెయ్యి ఉన్న వంటకంతో కలిపి తినాలి.

ఋతువు విషయంలో చాలామంది పొరబడతారు. చలికాలం కదా, వేడి చేసే వస్తువు మంచిదే అనుకుంటారు. చరకుడు శిశిరంలో కటు, తిక్త (చేదు), కషాయ (వగరు) రసాలు మానమన్నాడు, ఎందుకంటే అప్పుడు వాతం పెరుగుతుంది. గ్రీష్మంలో లవణ, ఆమ్ల, కటు రసాలు, ఉష్ణ పదార్థాలు వద్దన్నాడు. బతుకమ్మ, దసరా రోజులు శరత్తు, పిత్తం ప్రకోపించే కాలం, అప్పుడూ తగ్గించాలి. సరైన కాలం కఫం కరిగే వసంతం. అయితే పంచాంగం ప్రకారం వసంతమైన చైత్ర వైశాఖాల్లో ఓరుగల్లులో ఎండ గ్రీష్మాన్ని మించి ఉంటుంది. ఇక్కడి వాతావరణానికి ఫిబ్రవరి చివరి నుంచి ఉగాది వరకు అనుకోవడమే సబబు. వానాకాలంలో ఆకలి మందగించిన రోజుల్లో కొద్దిగా తినొచ్చు.

కలయికలు కూడా చూడాలి. ముల్లంగి, ఎల్లిగడ్డ, మునగ లాంటివి తిన్నాక పాలు తాగితే చర్మవ్యాధులు వస్తాయని చరకుడు హెచ్చరించాడు. చేపలు, పాలు కలపొద్దన్నది అందరికీ తెలిసిందే. విరుద్ధాహారం (కలిపి తినకూడనివి) పట్టింపు ఉన్న ఇంట్లో చేప, క్రీమ్ చీజ్, వసాబి మూడూ చుట్టిన సూషీ పెట్టడం కుదరదు. దానికి బదులు కీర, ఉడికించిన గడ్డలు చుట్టినది తెచ్చుకోండి. మొండి కడుపు మంటకో, చర్మవ్యాధికో మందు వాడుతున్నవాళ్లు వైద్యుణ్ని అడిగే తినాలి. వరంగల్‌లోనే అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది.

ఇంటి ఆవముద్ద: ట్యూబుకు దీటైన ఎంపిక

చిన్న నల్ల ఆవాలు 2 టీస్పూన్లు, చల్లటి నీళ్లు 2 టీస్పూన్లు, తురిమి గట్టిగా పిండిన ముల్లంగి 2 పెద్ద చెంచాలు, ఉప్పు పావు టీస్పూన్, నిమ్మరసం అర టీస్పూన్. ఆకుపచ్చ రంగు కావాలంటే నూరిన కొత్తిమీర కొంచెం. నలుగురికి సరిపోతుంది.

ఆవాలు పొడిగా మిక్సీలో రెండు మూడు సెకన్ల చొప్పున ఆపి ఆపి తిప్పండి. జార్ వేడెక్కకూడదు. రోలు ఉంటే ఇంకా మంచిది. పొడిలో నీళ్లు కలిపి మూతపెట్టి పది నిమిషాలు ఆగండి. ఆ తర్వాతే ముల్లంగి తురుము, ఉప్పు, నిమ్మరసం కలపండి. వరుస మార్చొద్దు. నిమ్మరసం ముందే పోస్తే ఎంజైమ్ పని ఆగి ఘాటు సరిగా రాదు. పది నిమిషాల తర్వాత పోస్తే పుట్టిన ఘాటును నిలబెడుతుంది. చేదుగా వస్తే మరో పది నిమిషాలు ఆగి, పెసరగింజంత బెల్లం, ఒక చెంచా పచ్చికొబ్బరి ముద్ద కలపండి. నీళ్లోడుతుంటే ముల్లంగి సరిగా పిండలేదన్నమాట. ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంటుంది, మర్నాటికి ముల్లంగి వాసన పెరిగి ఘాటు తగ్గుతుంది. అందుకే కొద్దికొద్దిగా చేసుకోవాలి.

కొర్రమీను వేపుడు పక్కన, కీర ముక్కలతో, సర్వపిండి మీద పలచగా రాసుకుంటే బాగుంటుంది. ఉడుకుతున్న కూరలో వేస్తే మాత్రం ఘాటంతా ఆవిరైపోయి చేదు ఒక్కటే మిగులుతుంది.

మునగ వేరును ఇంగ్లిష్‌వాళ్లు హార్స్‌రాడిష్‌కు బదులు వాడేవారు. వాళ్ల భాషలో ఆ చెట్టుకు హార్స్‌రాడిష్ చెట్టనే పేరు అందుకే వచ్చింది. ఇంట్లో చెట్టుంది కదా అని వేరు తవ్వి తురమొద్దు. వేరు బెరడులో విషగుణమున్న ఆల్కలాయిడ్లు ఉంటాయి, గర్భిణులకు మరీ ప్రమాదం. మునగాకు, మునక్కాయల వరకే ఉండండి.

కొనేముందు, తినేముందు

ఆవాలు పడనివాళ్లు వసాబి ట్యూబు కూడా ముట్టకూడదు, చాలావాటిలో ఆవపిండి ఉంటుంది. హోటల్లో అడిగి తెలుసుకోండి. పసుపు, నీలం రంగులు కలిపి ఆకుపచ్చ తెస్తారు. పదార్థాల పట్టీలో 102, 133 అని కనపడేవి అవే. 102 కొందరిలో దద్దుర్లు తెస్తుంది. థైరాయిడ్ ఉన్నవాళ్లు వారానికి రెండుసార్లు బటాణీ గింజంత తింటే ఇబ్బంది ఉండదు, రోజూ వసాబి సారం మాత్రలు వేసుకోవడం వేరే సంగతి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు కూడా ఆ మాత్రలు డాక్టరును అడగకుండా మొదలుపెట్టొద్దు. ఐదేళ్లలోపు పిల్లలకు వద్దు.

చివరగా అన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సింది చేపల గురించి. వసాబి ఘాటుకు కొన్ని సూక్ష్మజీవుల్ని అడ్డుకునే గుణం ఉంది, జపాన్‌లో పచ్చి చేపతో తినడానికి అదీ ఒక కారణమంటారు. కానీ అది చేపలోని పురుగుల్ని చంపదు. సూషీకి వాడే సముద్రపు చేపను కూడా చాలాచోట్ల సున్నాకు దిగువన 20 డిగ్రీల్లో 7 రోజులు గడ్డకట్టిస్తారు. ఇంటి ఫ్రిజ్ దాన్ని నమ్మకంగా చేరుకోలేదు. పాకాల, లక్నవరం లాంటి మంచినీటి చెరువుల చేపను ఎంత తాజాగా తెచ్చినా పచ్చిగా తినకూడదు. ముఖ్యంగా కొర్రమీను జాతి చేపల్లో గ్నాథోస్టోమా అనే పురుగు ఉండే అవకాశం ఉంది, అది మనిషి ఒంట్లో చర్మం కింద, కొన్నిసార్లు కంట్లోకి, మెదడులోకి కూడా పాకుతుంది. ముక్క మధ్యదాకా తెల్లబడి పొరలుగా విడిపోయేలా వేయించాక, పళ్లెంలో పక్కన ఆవముద్ద గానీ వసాబి గానీ పెట్టుకోండి.